నా ఇడ్లీ బండిని విడిపించిన ఉచిత న్యాయ సేవ: అయిదుకు మూడున్నర

పదకొండేళ్లుగా నా ఇడ్లీకి జనం మార్కులు వేస్తున్నారు. చట్నీ పలచగా ఉందని ఒకాయన రెండు స్టార్లు ఇచ్చి పోయాడని మా అమ్మాయి ఒకసారి ఫోనులో చూపించింది. ఆయన రాసింది నిజమే. ఆ రోజు పల్లీలు తగ్గాయి. ఈసారి మార్కులు వేసే వంతు నాది. నేను వాడుకున్నది జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ. అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు, కేసు కోర్టుకెక్కక ముందే రాజీ కుదురుస్తారు. మున్సిపాలిటీ వాళ్లు నా బండిని ఎత్తుకుపోతే ఈ సేవతోనే విడిపించుకున్నాను.

ఊరి పేరు రాయను, ఆఫీసుల పేర్లూ రాయను. రేపు పొద్దున్న మళ్లీ అదే వీధిలో పొయ్యి వెలిగించుకోవలసినదాన్ని. కోస్తాలో ఒక పెద్ద ఊరు అనుకోండి, చాలు. నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది. వాక్యాలు సరిచేసింది తను, కోపం మాత్రం నాదే.

మొన్న 2025 ఆషాఢం చివరి వారం. బుధవారం, ఉదయం ఆరూ నలభై. మొదటి వాయి అయిపోయి రెండో వాయి దింపబోతున్నాను. ట్రాక్టరు వచ్చి ఆగింది, నలుగురు దిగారు. పొయ్యి ఆర్పమన్నారు. నేను ఆర్పేలోపే గొడుగు పీకేశారు. ఇడ్లీ పాత్ర, దోసె పెనం, రెండు బర్నర్ల పొయ్యి, సిలిండరు, రెండు బక్కెట్ల పిండి, ఆరు స్టూళ్లు, అన్నీ బండితో సహా ట్రాక్టరెక్కాయి. అల్లం పచ్చడి గిన్నె మాత్రం దొర్లి కాలవలో పడింది. పాత్రలో ఉన్న ముప్పై రెండు ఇడ్లీలు ఆవిరి మీదే వెళ్లిపోయాయి. తినడానికి వచ్చినవాళ్లు ప్లేట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఒక ఆటో డ్రైవరు నా చేతిలో ఇరవై రూపాయలు పెట్టి వెళ్లాడు, తినని ఇడ్లీకి.

వాళ్ల వైపు మాట కూడా చెప్పాలి. నా బండి ఉన్నది స్కూలు బస్సు తిరిగే మలుపులో. కాలవ గట్టు దాటి ముందు చక్రం రెండడుగులు రోడ్డు మీదికి వచ్చేది. జరుపుకోమంటే జరుపుకునేదాన్ని. ఎవరూ అనలేదు. ముందు రోజు మాట లేదు, నోటీసు లేదు. ఏమేమి తీసుకెళుతున్నారో రాసిచ్చిన చీటీ కూడా లేదు. అలాంటి చీటీ ఒకటి అడగవచ్చని అప్పటికి నాకు తెలియదు.

మా ఆయన వెళ్లి మూడు రోజులు వాళ్ల యార్డు చుట్టూ తిరిగాడు. చలానా కడితే ఇస్తాం అన్నారు. కడతాం రాయండి అంటే, రాసే ఆయన లేడన్నారు. గేటు దగ్గర ఒకతను వచ్చి ఆరు వేలిస్తే సాయంత్రానికి బండి ఇంటికొస్తుందని నెమ్మదిగా చెప్పాడు. మా వీధిలో చాలామంది అలాగే విడిపించుకుంటారు. 2018లో నేనూ అలాగే విడిపించుకున్నాను, దాచడమెందుకు. ఈసారీ ఇచ్చేసేదాన్నే. నా దగ్గర వారానికి రెండుసార్లు తినే ఒకమ్మాయి అడ్డుపడింది. ఆమె ఆ న్యాయ సేవాధికార సంస్థలో ప్యారా లీగల్ వాలంటీరట. అంటే లాయరు కాదు. మనలాంటి వాళ్లకు దారి చూపించడానికి శిక్షణ ఇచ్చి పెట్టుకున్న మనిషి. పదకొండేళ్లలో నేను ఆమెను అడిగింది "కారంపొడి వేయమంటారా?" అన్న ఒక్క మాటే. "అక్కా, డబ్బు కట్టకండి. కట్టినా రసీదు లేకుండా కట్టకండి. సోమవారం కోర్టుకు రండి," అంది.

కోర్టు అనగానే మా ఆయన ముఖం మారిపోయింది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఆయనకు ఇష్టమైన సామెత. వాళ్ల నాన్న గట్టు తగాదాలో అరెకరం అమ్ముకున్నాడు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు.

ఇక అసలు సమీక్ష. ముందు ఆ చోటు సంగతి. కోర్టు గేటు దాటాక ఆ ఆఫీసు కనిపెట్టడమే ఒక పరీక్ష. బోర్డు ఉంది, సైకిల్ స్టాండు వెనక, వేపకొమ్మ చాటున. దాన్ని చేరేలోపు నలుగురు నన్ను ఆపారు. నల్ల కోటు వేసుకున్న ఒకాయన "సివిలా, క్రిమినలా?" అని అడిగాడు. "ఇడ్లీ," అన్నాను. ఆయన నవ్వకుండా "వకాల్తాకు అయిదు వేలవుతుంది," అన్నాడు.

గేటు పక్కన టైపింగు కొట్లున్నాయి. అర్జీ టైపు చేయించుకుని వెళితే మర్యాదగా ఉంటుందని నేనే ఒక కొట్లో కూర్చున్నాను. అరపేజీకి నలభై రూపాయలు. ఆ పెద్దాయన నన్ను రెండు ప్రశ్నలు అడిగి టకటకా కొట్టి చదివాడు: "తమ పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, నేను కడు పేదరాలిని, నిస్సహాయురాలిని, ఏ ఆధారమూ లేనిదానను..." అక్కడ ఆపాను. రోజుకు పన్నెండు కిలోల పిండి రుబ్బి, ఇద్దరు పిల్లలను చదివించిన మనిషిని పట్టుకుని నిస్సహాయురాలు అంటాడేమిటి? "అలా రాస్తేనే చూస్తారమ్మా," అన్నాడు. తీసేయమన్నాను. తీసేస్తే అరపేజీలో నాలుగు వరుసలే మిగిలాయి. నలభై రూపాయలు మాత్రం తగ్గలేదు. లోపలికి వెళ్లాక తెలిసింది, అర్జీ టైపులో ఉండనక్కరలేదు, తెల్ల కాగితం మీద చేత్తో రాసినా తీసుకుంటారు, రాయడం రాకపోతే వాళ్లే రాసిపెడతారు. ఈ మాట గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి. రాయకపోవడానికి ఒక అర మార్కు కోసేశాను.

ముందు గదిలో టేబులు, మూడు బల్లలు, ఫ్యాను, మంచినీళ్ల క్యాను. గోడ మీద పాత పోస్టరు, నవంబరు 9 న్యాయ సేవల దినోత్సవమని. వేచి ఉన్న గంటన్నరలో దాన్ని పూర్తిగా చదివేశాను. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో చేశారట, అమలులోకి వచ్చింది 1995 నవంబరు 9న. ఎనిమిదేళ్లు! ఆ లెక్కన నా బండికి పట్టిన రోజులు తక్కువే. పోస్టరు కింద 15100 అని ఫోను నంబరు. అది దేశమంతా పనిచేసే ఉచిత నంబరు. ఇంటికి వచ్చాక బండి లోపలి రేకు మీద పెయింటుతో రాయించాను.

టేబులు దగ్గర కూర్చున్న గుమాస్తా నా ఆధార్ చూసి ఆదాయ ధ్రువపత్రం తెమ్మన్నాడు. దానికి వార్డు సచివాలయంలో దరఖాస్తు, ఒకటి రెండు రోజుల వ్యాపారం గోవింద. లేచి వచ్చేయబోతుంటే మన వాలంటీరమ్మాయి లోపలినుంచి వచ్చి, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేదని ఆయనకు చెప్పింది. ఇది అందరూ తెలుసుకోవలసిన సంగతి. ఆడవాళ్లు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్లు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. మిగిలినవాళ్లకు ఉంటుంది. మా ఆయన పేరు మీద అర్జీ పెట్టి ఉంటే ఆ కాగితం కోసం తిరగవలసి వచ్చేది. గుమాస్తా తప్పు ఒప్పుకుని "సరే కూర్చోండమ్మా," అన్నాడు. పని ఒత్తిడిలో పొరబడి ఉంటాడనే అనుకుంటాను. కాని ఆ అమ్మాయి ఆ పూట సెలవులో ఉంటే?

లాయరును ఆ రోజే ఇచ్చారు. చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. నల్ల కోటు మోచేతి దగ్గర వెలిసిపోయి ఉంది. ఈ సంస్థ జాబితాలో ఉన్న లాయర్లకు రుసుము సంస్థే ఇస్తుంది, మన దగ్గర తీసుకోకూడదు. ఆమె తీసుకోలేదు. ఆమె మొదటి ప్రశ్న: "అమ్మా, మీరు అక్కడ బండి పెడుతున్నట్టు ఆధారమేమిటి?"

"రోజూ నూట యాభైమంది తింటారమ్మా."

"కాగితం ఏదైనా ఉందా?"

నాకు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. ఇడ్లీకి బిల్లు ఉంటుందా? బండికి కరెంటు మీటరు ఉంటుందా? అద్దె రసీదు ఉంటుందా? అప్పుడు గుర్తొచ్చింది, ఆశీలు, అంటే వీధిలో అమ్ముకుంటున్నందుకు కట్టే రుసుము. రోజూ పొద్దున్న ఆశీలు వసూలు చేసేవాడు వచ్చి ఇరవై రూపాయలు తీసుకుని చిన్న చీటీ చింపి ఇస్తాడు. అందరూ అక్కడే నలిపి పారేస్తారు. మా అత్తగారి అలవాటు నాకు వచ్చింది, ఇంట్లో వంకీ తీగకు గుచ్చుతాను. మా ఆయన ఏటా భోగికి వాటిని మంటలో వేస్తానని బెదిరిస్తాడు. మధ్యాహ్నం వెళ్లి ఆ తీగను తీగలాగే తెచ్చి ఆమె టేబులు మీద పెట్టాను. నాలుగేళ్ల చీటీలు, బొద్దింకలు కొరికినవి, పిండి మరకలున్నవి. ఆ లాయరమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఇంతవరకు నా దోసె చూసి కూడా ఎవరి ముఖమూ అంతగా వెలగలేదు.

ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "ఎప్పుడైనా స్వనిధి లోను తీసుకున్నారా?" తీసుకున్నాను. కరోనా మొదటి ఏడాది, 2020లో, వీధి వ్యాపారుల కోసం కేంద్రం పెట్టిన పథకం, ముందు పది వేలు. అప్పటికి వ్యాపార ధ్రువపత్రం లేని వాళ్లకు మున్సిపాలిటీ సిఫారసు లేఖ ఇస్తే బ్యాంకు ఇచ్చేది. ఆ లేఖ నకలు లోను కాగితాల్లో ఉంది. లాయరమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, "మిమ్మల్ని వీధి వ్యాపారి అని రాసి సంతకం పెట్టింది వీళ్లే కదమ్మా," అంది. అప్పు కోసం తీసుకున్న కాగితం, వాయిదాలు కట్టేశాక మరచిపోయిన కాగితం! దాన్ని రేకు పెట్టెలో పసుపు కుంకుమల కింద పెట్టడం తప్ప నేను చేసినదేమీ లేదు.

అప్పుడు లాయరమ్మాయి చట్టం ఏమంటుందో చెప్పింది. నేను అర్థం చేసుకున్నంత రాస్తాను. వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1న అమలులోకి వచ్చింది. నేను బండి పెట్టింది అదే ఏడాది వానాకాలం. ఒక్క ఈడు వాళ్లం, ఒకే వీధిలో ఉండి పదకొండేళ్లు ముఖాలు చూసుకోలేదు. ఊళ్లో వీధి వ్యాపారుల సర్వే పూర్తిచేసి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ లేపకూడదు. ఆ తరవాత లేపాలన్నా ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసి, పట్టుకున్నవారు సంతకం చేసి నకలు మనకివ్వాలి. రుసుము కట్టించుకోవచ్చు. అయితే మనం అడిగాక పాడుకాని సరుకును రెండు పని దినాల్లో, పాడైపోయేదాన్ని అదే రోజు వదలాలి. ఇది విన్నప్పుడు ఆ చట్టం రాసినవాళ్ల మీద గౌరవం కలిగింది. పిండి పులుస్తుందని ఢిల్లీలో ఎవరికో తెలుసు. దీనికి ముందు 1989లోనే ఢిల్లీ వీధి వ్యాపారి ఒకాయన వేసిన కేసులో, హద్దులకు లోబడి రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం హక్కేనని సుప్రీంకోర్టు చెప్పిందట.

"మరి మా ఆయన మూడు రోజులు అడిగాడు కదమ్మా, ఇవ్వలేదే?" అన్నాను.

"రాతపూర్వకంగా అడిగారా?"

నోటితో అడిగాం. గేటు దగ్గర, యార్డులో, ఫోనులో, బతిమాలి, ఒకసారి అరిచి. మూడు రోజులు అడిగినదానికి ఎక్కడా గుర్తు లేదు. ఆ రెండు రోజుల గడియారం తిరగడమే మొదలుకాలేదన్న మాట. ఆమె పది వరుసల్లో ఒక కాగితం రాసి, నకలు తీయించి, మరునాడు మున్సిపల్ ఆఫీసు ఇన్‌వర్డులో, అంటే వచ్చే కాగితాలు తీసుకునే చోట, ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకుని రమ్మంది. అక్కడి గుమాస్తా ముద్ర వేయడానికి పావుగంట ఆలోచించాడు. "ఊరికే ఇచ్చి వెళ్లండి, చూస్తాం," అన్నాడు. కదలలేదు. ముద్ర పడింది, తేదీతో. ఈ మొత్తం సేవలో నాకు దక్కిన అతి విలువైన వస్తువు ఆ ఊదారంగు ముద్రే అనిపిస్తుంది. పాడు సిరా, సగం అక్షరాలు పడలేదు కూడా.

అదే వారం సంస్థ నుంచి మున్సిపాలిటీకి నోటీసు వెళ్లింది. బండి పోయిన పదమూడో రోజు, సోమవారం, ఫోను: "బండి తీసుకెళ్లండి." ఆరు వేలు లేవు, చలానా లేదు, గేటు దగ్గరి ఆ మనిషీ కనిపించలేదు. యార్డులో బండి ఒక చక్రం వంగి, వానలో తడిసి ఉంది. ఆ బక్కెట్లు యాభై అడుగుల దూరంనుంచే పలకరించాయి. మూత తీసే ధైర్యం చేయలేదు, బక్కెట్లతో సహా పారేశాను. ఇడ్లీ పాత్ర లోపలి సంగతి రాయను, మీరు భోజనం చేసి ఉంటారు. సిలిండరు మాత్రం లేదు. "అది స్టోర్సులో ఉంది, తరవాత," అన్నారు.

ఇంతటితో ఆగి ఉంటే అయిదుకు నాలుగున్నర ఇచ్చేదాన్ని. సిలిండరు, బండి పెట్టే చోటు సంగతి తేల్చడానికి రాజీకి పిలిచిన వాయిదాల దగ్గర మార్కులు జారాయి. మొదటి వాయిదా ఆగస్టు 14. పదకొండింటికి రమ్మన్నారు, రెండున్నర దాకా కూర్చున్నాను, అవతలినుంచి ఎవరూ రాలేదు. రెండోది వినాయక చవితి మరునాడు. ఒకాయన వచ్చాడు, ఫైలు తేలేదు. నా వ్యాపారం ఉదయం పదిన్నరకు ముగుస్తుంది కాబట్టి నాకు పోయింది పప్పు నానబోసే వేళ, ఆ రెండు రోజులు పక్కింటావిడను బతిమాలాను. రోజు కూలి వాళ్లకు ఒక్కో వాయిదా ఒక్కో రోజు కూలి. ఎదుటివాళ్లు రాకపోతే వాళ్లకు పోయేదేమీ లేదు, వాళ్ల జీతం నడుస్తూనే ఉంటుంది. వచ్చినవాళ్లకు ఆ రోజు బత్తెం ఇప్పించే పద్ధతి ఒకటి పెట్టాలి. ఎవరిని అడగాలో తెలియక లాయరమ్మాయినే అడిగాను. ఆమె నవ్వి ఊరుకుంది.

ఆ బల్ల మీద పక్కన కూర్చున్న ఒక తాపీ మేస్త్రి గురించి రాయకుండా ఉండలేను. ఉత్తరాంధ్రనుంచి వచ్చి ఇక్కడ అడ్డా మీద నిలబడి పనికి వెళతాడు. ముప్పై ఎనిమిది రోజుల కూలి రావాలి. ఎవరివ్వాలి అంటే "రాజు గారు" అన్నాడు. ఏ రాజు గారు? "తెల్ల కారు రాజు గారు." ఇంటిపేరు తెలియదు, ఇల్లు తెలియదు, ఫోను నంబరు ఒకటుంది, ఇతని నంబరు చూస్తే ఎత్తరు. నోటీసు పంపాలంటే చిరునామా కావాలి. వాలంటీరమ్మాయి ఓపికగా చెప్పింది: "తమ్ముడూ, ఆ కట్టే బిల్డింగు దగ్గర ప్లాను అనుమతి బోర్డు ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకురా. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానికి కూడా బాధ్యత ఉంటుంది." పని వివరాలు రాసుకున్న పుస్తకమేమైనా ఉందా అంటే, గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకున్నాడట, రోజుకొక గీత. ఆ గోడకు ఇప్పుడు ప్లాస్టరింగు అయిపోయింది. చేసింది ఇతనే. రెండో వాయిదాకు కూడా కనిపించాడు, వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదన్నాడు. మూడోసారి నేను వెళ్లినప్పుడు లేడు. నాకు దొరికిన ఆశీలు చీటీల వంటిది అతని దగ్గర ఏదీ లేదు. ఆ రోజు అతనికి టీ ఇప్పించాను, అంతే.

మూడోది సెప్టెంబరు 13, శనివారం, జాతీయ లోక్ అదాలత్, అంటే దేశమంతా ఒకే రోజు కేసులను రాజీతో తేల్చే కార్యక్రమం. ఆ రోజు కోర్టు తిరునాళ్లలా ఉంది. చెక్కు బౌన్సు కేసులు, ప్రమాద బీమా కేసులు, మొగుడూ పెళ్లాల కేసులు, బ్యాంకు బాకీలు. మా బెంచీలో రిటైరైన జడ్జి గారొకరు, ఒక లాయరు, మరొకరు. జడ్జి గారు నన్ను "కూర్చోమ్మా" అన్నారు. ఈ మాట చిన్నదిగా అనిపించవచ్చు. నా వయసులో ప్రభుత్వ ఆఫీసులో కుర్చీ చూపించిన మనిషి ఆయనొక్కరే. మున్సిపాలిటీ తరఫున ఈసారి ఫైలుతోనే వచ్చారు. పది నిమిషాల్లో రాజీ అయిపోయింది. జరిమానా లేదు. ధ్రువపత్రం, స్థలం సంగతి తేలేవరకు అదే చోట ఉదయం అయిదునుంచి పదిన్నర దాకా పెట్టుకోవచ్చు. బండి కాలవ గట్టు లోపలే ఉండాలి. ఇది న్యాయమే, ఒప్పుకున్నాను.

కాగితం ఇంగ్లీషులో వచ్చింది. సంతకం పెట్టమన్నారు. వెనక ఇంకా అరవైమంది ఉన్నారు, అందరూ నా కలం వైపే చూస్తున్నారు. లోక్ అదాలత్ అవార్డు, అంటే ఈ రాజీ కాగితం, సివిల్ కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు, ఈ సంగతి లాయరమ్మాయి ముందే చెప్పి ఉంది. దోసె మాడితే మళ్లీ పోసి ఇస్తాను, ఇది అలా కుదరదు. "తెలుగులో చదివి వినిపిస్తే పెడతాను," అన్నాను. ఎవరో వెనక ఉసూరుమన్నారు. ఆమె చదివింది. మూడో పేరాలో ఉంది, సామానంతా మంచి స్థితిలో ముట్టిందని, ఇక ఏ బాకీ లేదని.

"సిలిండరు ముట్టలేదు," అన్నాను.

మున్సిపాలిటీ ఆయన "ఇచ్చేస్తాం లేమ్మా, పెట్టండి సంతకం," అన్నాడు. మంచిగానే అన్నాడు. కాని గ్యాసు ఏజెన్సీ రసీదు నా సంచిలో ఉంది. పందొమ్మిది కిలోల నీలి సిలిండరు, వ్యాపారానికి తీసుకున్నది. మూడేళ్ల క్రితం దాకా ఇంటి సిలిండరే బండికి వాడేదాన్ని. అప్పుడే జరిగి ఉంటే నోరు మెదపలేకపోయేదాన్ని, అది కూడా చెప్పాలి. జడ్జి గారు రసీదు చూసి, పేరా కొట్టేయించి, ఏడు రోజుల్లో సిలిండరు ఇవ్వాలని రాయించారు. అప్పుడు పెట్టాను సంతకం, తెలుగులో, పూర్తి పేరు.

సిలిండరు ఆరో రోజు వచ్చింది. ఖాళీది. నాది ముందు రోజు మార్చిన నిండు సిలిండరు. కాగితంలో "సిలిండరు" అని రాయించాను, "గ్యాసుతో" అని రాయించడం తోచలేదు. లాయరమ్మాయికి ఫోను చేస్తే రెండు క్షణాలు మాట్లాడలేదు, తరవాత ఇద్దరం నవ్వుకున్నాం. ఆ డబ్బు మాత్రం నాదే పోయింది.

ఇంట్లో "అవార్డు వచ్చింది" అని మా అమ్మాయి చెబితే మా ఆయన షీల్డు ఏదని అడిగాడు. దానికి పేరు అలా ఎందుకు పెట్టారో గాని, ల్యామినేషన్ చేయించి గొడుగు కర్రకు కట్టాను. మొన్న ఇద్దరు వచ్చి గట్టు కొలతకు టేపు తీశారు, ఆ కాగితం చదివారు, చెరో ప్లేటు తిని డబ్బిచ్చి వెళ్లారు.

ఖర్చు లెక్క. లాయరుకు సున్నా, కోర్టు రుసుము సున్నా. టైపింగు వృథా 40. జిరాక్సులు, ల్యామినేషన్ కలిపి 115. బస్సుకు మొదట్లో రానూపోనూ 40 పెట్టాను. ఆగస్టు 15నుంచి ఆడవాళ్లకు ఉచితం కావడంతో తరవాత రెండుసార్లూ ఖర్చు లేదు. వంగిన చక్రానికి వెల్డింగు 600. పదమూడు రోజుల వ్యాపారం పోయింది, రోజుకు ఖర్చులు పోను ఏడు వందలు మిగులుతుంది, 9,100. పిండి, ఇడ్లీలు, పచ్చడి వేరు. ఆరు వేలు ఇచ్చి మూడో రోజే తెచ్చుకుంటే లాభమే కదా అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. లెక్క ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. అయితే 2018లో ఇచ్చినప్పుడు ఇంటికి వచ్చింది బండి ఒక్కటే, దానితో ఏ కాగితమూ రాలేదు. పోయిన వ్యాపారానికి పరిహారం అడిగితే కేసు నడపాలి, ఏళ్లు పడుతుందన్నారు. వదిలేశాను. ఇలాంటి ఫిర్యాదులకు చట్టంలోనే మాజీ జడ్జి అధ్యక్షతన వేరే కమిటీ ఉండాలని రాసి ఉందట. మా ఊళ్లో అది ఎక్కడ కూర్చుంటుందని ముగ్గురిని అడిగాను, ముగ్గురూ పక్క గది చూపించారు.

ఎవరైనా వెళ్లేటట్టుంటే సోమవారం వద్దు, రద్దీ. మధ్యాహ్నం మూడు తరవాత వెళితే వాలంటీర్లు తీరికగా మాట్లాడతారు. ఆధార్ నకళ్లు మూడు, మీ పేరున్న ఏ చీటీ అయినా, ఎంత చిన్నదైనా, మరకలున్నా సరే. ఎదుటివాళ్ల పూర్తి పేరు, చిరునామా. ఆశీలు చీటీ, గ్యాసు రసీదు, లోను పుస్తకం, వార్డు సచివాలయం ఇచ్చిన ఏ కార్డయినా. ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు మీద ముద్ర అడగండి. మంచినీళ్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. టిఫిను మాత్రం ఇంట్లో తిని వెళ్లండి, లేదా ఆరింటికి మా వీధికి రండి. ఆవరణలోని క్యాంటీనులో మొదటి వాయిదా రోజు ఒక ప్లేటు తిన్నాను. ఇడ్లీ ఫరవాలేదు, రవ్వ కాస్త ముతక. దానికి వేరుగా మార్కులు: రెండు. చట్నీ పలచన.